గర్భమని తెలియకముందే: పిండపు తొలి పరిసరాలు, జీవితకాలపు ఆరోగ్యం

ఒక స్త్రీ నెల తప్పిందని గమనించి, పరీక్ష చేయించుకుని, తాను గర్భవతినని నిర్ధారించుకునే నాటికి ఫలదీకరణ జరిగి కనీసం రెండు వారాలు, చాలా సందర్భాల్లో నాలుగైదు వారాలు గడిచిపోయి ఉంటాయి. ఆలోగా పిండం ఒక్క కణంతో మొదలై అనేక విభజనలు పూర్తిచేసుకుని, గర్భాశయపు గోడలో నాటుకుని, మాయకు పునాది వేసుకుంటుంది. 22వ రోజు ప్రాంతంలో గుండె కొట్టుకోవడం ఆరంభిస్తుంది. 28వ రోజుకల్లా మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాడీనాళిక మూసుకుంటుంది. అప్పటికి మాతాశిశు సంరక్షణ కార్డు మీద ఆమె పేరు ఎక్కి ఉండడమే అరుదు.

తల్లి తిన్నా తినకపోయినా గర్భంలోని శిశువు తనకు కావలసినది ఆమె ఒంటి నుంచి తీసుకుంటుందన్న భావన వైద్యుల్లోనూ చాలాకాలం ఉండేది. గత నాలుగు దశాబ్దాల పరిశోధన ఆ భావనను సడలించింది. పిండం తన పరిసరాలను గుర్తిస్తుంది, వాటికి తగినట్టు తన నిర్మాణాన్ని సవరించుకుంటుంది, ఆ సవరణల్లో కొన్ని అరవై డెబ్బై ఏళ్ల తరువాత రక్తపోటుగా, మధుమేహంగా, గుండెజబ్బుగా బయటపడగలవు అని అనేక దేశాల ఆధారాలు చెబుతున్నాయి. ఎదుగుదల దశలోనే ఆరోగ్యానికీ వ్యాధులకూ మూలాలను వెదికే ఈ శాస్త్రశాఖను ఇంగ్లీషు పొడి అక్షరాలతో ‘డోహాడ్’ అని పిలుస్తారు.

గర్భంలోని బిడ్డ బయటి ప్రపంచాన్ని గ్రహిస్తుందన్న మాట వినగానే తెలుగువారికి ప్రహ్లాదుడో అభిమన్యుడో గుర్తుకు రావడం సహజం. అయితే శాస్త్రవేత్తలు చెబుతున్నది వినికిడి గురించి కాదు. చక్కెర, మాంసకృత్తులు, విటమిన్లు, హార్మోన్ల గురించి. అదీ చెవులు ఏర్పడకముందు, చాలావరకు గర్భమని ఇంట్లో ఎవరికీ తెలియకముందు జరిగే వ్యవహారం గురించి.

పాత పుస్తకాల్లో దొరికిన ఆధారం

బ్రిటన్‌లోని సౌతాంప్టన్‌లో పనిచేసిన వైద్యుడు డేవిడ్ బార్కర్, గణాంక నిపుణుడు క్లైవ్ ఆస్మండ్ 1986లో లాన్సెట్ పత్రిక ద్వారా ఒక చిక్కు ప్రశ్నను ముందుకు తెచ్చారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1921–25 మధ్య శిశు మరణాలు ఎక్కువగా నమోదైన ప్రాంతాలే, 1968–78 మధ్య గుండెజబ్బు మరణాల్లోనూ ముందున్నాయి. గుండెజబ్బు సంపన్నతతో వచ్చే రోగమని అనుకుంటున్న రోజులవి. మరి ఒకప్పటి పేద ప్రాంతాల్లోనే అది ఎందుకు ఎక్కువగా ఉంది?

జవాబు వెదకడానికి మనుషుల వారీగా వివరాలు కావాలి. అవి హెర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో దొరికాయి. అక్కడ ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే ఆరోగ్య అధికారిణి పర్యవేక్షణలో 1911 నుంచి ప్రతి శిశువు పుట్టినప్పటి బరువు, ఏడాది నిండినప్పటి బరువు, తల్లిపాలు తాగిందా లేదా అన్న సంగతి పెద్ద పుస్తకాల్లో చేతితో రాసి ఉంచారు. 1911–30 మధ్య పుట్టిన 5,654 మంది పురుషుల వివరాలను మరణ నమోదులతో సరిపోల్చి బార్కర్ బృందం 1989లో ఫలితాలు ప్రకటించింది. పుట్టినప్పుడూ ఏడాది వయసులోనూ బరువు తక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బు మరణాలు అధికంగా కనిపించాయి. ఏడాది నిండేసరికి 8.2 కిలోలకు మించని వారికీ, 12.3 కిలోలు దాటిన వారికీ మధ్య ఆ మరణాల రేటులో రెండున్నర రెట్ల తేడా ఉంది. ఇంటింటికీ తిరిగి పసిపిల్లలను తూచిన దాదుల దినచర్య ఎనిమిది దశాబ్దాల తరువాత వైద్యశాస్త్రానికి ముడిసరుకైంది. మన ఊళ్లలో అంగన్‌వాడీ కార్యకర్తలు విసుగు లేకుండా నింపే రిజిస్టర్ల విలువను ఈ ఉదంతం వెలుగులో చూడవచ్చు.

అయితే పుట్టిన బరువు తొమ్మిది నెలల మొత్తం లెక్క మాత్రమే. ఏ నెలలో ఏమి జరిగిందో అది చెప్పదు. ఆ సంగతిని బయటపెట్టింది ఒక యుద్ధకాలపు కరువు.

నెదర్లాండ్స్ ఆకలి శీతకాలం

1944 సెప్టెంబరులో నెదర్లాండ్స్ రైల్వే సిబ్బంది మిత్రరాజ్యాల సేనలకు తోడ్పాటుగా సమ్మె చేశారు. దానికి ప్రతీకారంగా జర్మన్ ఆక్రమణ అధికారులు దేశపు పశ్చిమ ప్రాంతానికి ఆహార రవాణాను అడ్డుకున్నారు. చలికాలం ముందే ముదిరి కాలువలు గడ్డకట్టడంతో పడవల దారీ మూసుకుపోయింది. నవంబరు చివరికి ఒక్కో మనిషికి అందే రేషన్ రోజుకు 1,000 కేలరీల కంటే దిగువకు, డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు 400–800 కేలరీలకు పడిపోయింది. 20,000 మందికి పైగా మరణించారని అంచనా. 1945 మేలో విముక్తి లభించగానే ఆహార సరఫరా మళ్లీ మొదలైంది.

చరిత్రలో ఇంతకంటే దారుణమైన కరువులు ఎన్నో ఉన్నాయి. బెంగాల్ 1943లో చూసినది వాటిలో ఒకటి. నెదర్లాండ్స్ కరువు పరిశోధకులకు ప్రత్యేకం కావడానికి కారణం వేరు. అది తటాలున మొదలై తటాలున ముగిసింది. ముందూ తరువాతా జనం సరిపడా తిన్నారు. ఆకలి రోజుల్లోనూ ఆసుపత్రులు ప్రసవాల వివరాలు రాస్తూనే ఉన్నాయి. కాబట్టి ఫలానా వ్యక్తి తల్లి కడుపులో ఏ నెలల్లో ఉండగా ఆకలి తాకిందో పుట్టిన తేదీని బట్టి తేల్చవచ్చు.

తొలి ఫలితం 1976లో వెలువడింది. సైనిక నియామకానికి హాజరైన సుమారు 3 లక్షల మంది 19 ఏళ్ల యువకుల వివరాలను పరిశీలించగా, గర్భస్థ దశ తొలి సగంలో కరువు తాకినవారిలో స్థూలకాయం ఎక్కువగా ఉంది. చివరి నెలల్లోనూ పుట్టిన కొత్తలోనూ కరువు చూసినవారిలో అది తక్కువ. అదే ఆకలి, కాలం మారగానే ఫలితం తలకిందులైంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని విల్‌హెల్మినా ఆసుపత్రిలో 1943 నవంబరు నుంచి 1947 ఫిబ్రవరి వరకు పుట్టిన 2,414 మందిని తరువాతి దశాబ్దాల్లో వెదికి పట్టుకుని పరీక్షించారు. గర్భస్థ దశ చివర్లో ఆకలి తాకినవారు తక్కువ బరువుతో పుట్టారు, పెద్దయ్యాక చక్కెరను అదుపు చేసుకోవడంలో వారి శరీరాలు వెనుకబడ్డాయి. గర్భం తొలి నెలల్లో ఆకలి తాకి, తరువాత తల్లికి తిండి దొరికిన బిడ్డలు మామూలు బరువుతోనే పుట్టారు. ప్రసవ గదిలో వారిని చూసిన వైద్యులకు ఏ లోటూ కనిపించి ఉండదు. యాభై ఏళ్ల వయసులో మాత్రం వారిలో గుండెజబ్బు ఎక్కువగా ఉంది, రక్తంలో కొవ్వుల తీరు చెడ్డగా ఉంది, స్త్రీలలో ఊబకాయం పెరిగింది. స్కిజోఫ్రెనియా అనే మానసిక వ్యాధి ముప్పు కూడా, గర్భధారణ సమయంలో కరువు చూసిన వారిలో సుమారు రెట్టింపైందని మరొక అధ్యయనం తేల్చింది.

ఈ మొత్తం పరిశోధనలో అతి ముఖ్యమైన అంశం బహుశా ఇదే. పుట్టినప్పటి బరువు బాగున్నంత మాత్రాన తొలి వారాలు సవ్యంగా గడిచాయని చెప్పలేము.

మొదటి అయిదు రోజులు

ఫలదీకరణ గర్భాశయంలో కాక అండవాహిక నాళంలో జరుగుతుంది. అక్కడి నుంచి పిండం విభజన చెందుతూ నెమ్మదిగా గర్భాశయం వైపు ప్రయాణిస్తుంది. ఆ రోజుల్లో దానికి తల్లి రక్తంతో నేరుగా సంబంధం లేదు. నాళంలోని, గర్భాశయంలోని స్రావాలే దాని ఆహారం. ఆ స్రావాల్లో చక్కెర, అమైనో ఆమ్లాలు ఎంత మేరకు ఉంటాయన్నది తల్లి శరీర స్థితిని బట్టి మారుతుంది. నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో పిండం తల్లి అండం నుంచి తెచ్చుకున్న సరంజామాను వదిలి తన సొంత జన్యువులను పనిలో పెడుతుంది. అయిదో రోజుకు అది బ్లాస్టోసిస్ట్ అనే బోలు బంతిగా మారుతుంది. కణాలు అక్కడ మొదటిసారి రెండు జట్లుగా విడిపోతాయి. లోపలి జట్టు నుంచి శిశువు తయారవుతుంది. బయటి జట్టు నుంచి మాయలోని ప్రధాన భాగం తయారవుతుంది. ఏ జట్టుకు ఎన్ని కణాలు దక్కాయన్నది శిశువుకూ, దాన్ని పోషించే అవయవానికీ మధ్య తొలి పంపకం.

ఈ పంపకాన్ని ఆహారం మార్చగలదని చూపింది 2000లో సౌతాంప్టన్‌కు చెందిన టామ్ ఫ్లెమింగ్ బృందం. గర్భం ధరించిన ఎలుకలకు మొదటి నాలుగు రోజుల పాటు మాత్రమే మాంసకృత్తులు సగానికి తగ్గించిన ఆహారం ఇచ్చారు. పిండం గర్భాశయపు గోడకు అంటుకోకముందే వాటిని మామూలు తిండికి మార్చేశారు. అయినా బ్లాస్టోసిస్ట్‌లలో కణాల సంఖ్య తగ్గింది. పుట్టిన పిల్లల బరువు, ఎదుగుదల తీరు మారాయి, వాటిలో రక్తపోటు పెరిగింది. తరువాత చిట్టెలుకలపై చేసిన ప్రయోగాల్లోనూ ఇటువంటి ఫలితాలే వచ్చాయి.

2007లో గొర్రెలపై కెవిన్ సింక్లెయిర్ బృందం ప్రకటించిన ప్రయోగం భారతీయులకు మరింత దగ్గరగా తాకుతుంది. గర్భధారణకు ముందూ, ఆ తరువాతి తొలి రోజుల్లోనూ కొన్ని గొర్రెల ఆహారంలో విటమిన్ బీ12, ఫోలేట్, మిథియోనైన్ అనే అమైనో ఆమ్లం తగ్గించారు. ఆరో రోజున పిండాలను బయటికి తీసి, మామూలు మేత తిన్న గొర్రెల గర్భంలో ఉంచారు. గర్భకాలమంతా సమృద్ధిలో పెరిగినా, ఆ పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ బరువు, ఎక్కువ కొవ్వుతో ఉన్నాయి. ఇన్సులిన్‌కు వాటి శరీరాలు సరిగా స్పందించలేదు, రక్తపోటు పెరిగింది. ఈ మార్పులు పోతుల్లో ప్రస్ఫుటంగా కనిపించాయి. తల్లుల్లో చూస్తే ఏ వ్యాధి లక్షణమూ లేదు.

తండ్రి పాత్ర దీనికి వెలుపల లేదు. మగ ఎలుకలకు పోషకాలు తగ్గించిన ప్రయోగాల్లో వాటి సంతానపు ఆరోగ్యంపై కూడా ప్రభావం కనిపించింది. మనుషుల్లో ఈ దిశగా అధ్యయనాలు ఇంకా కొద్దిగానే జరిగాయి.

జన్యువు మారకుండానే మార్పు

అయిదారు రోజుల అనుభవం జీవితాంతం ఎలా నిలుస్తుంది? ఒక సమాధానం ఎపిజెనెటిక్స్‌లో ఉంది. శరీరంలోని దాదాపు అన్ని కణాల్లోనూ డీఎన్ఏ ఒకటే. కాలేయ కణం కాలేయంగా, నాడీకణం నాడిగా పనిచేయడానికి కారణం ఏ జన్యువు తెరిచి ఉండాలో, ఏది మూసి ఉండాలో చెప్పే రసాయన గుర్తులు. వాటిలో బాగా తెలిసినది డీఎన్ఏపై అతుక్కునే మిథైల్ అణు సముదాయం. ఫలదీకరణ తరువాత కొద్ది రోజుల్లో పాత మిథైల్ గుర్తులు చాలావరకు చెరిగిపోయి, పిండం నాటుకున్నాక కొత్తవి రాయబడతాయి. జీవితంలో మరెప్పుడూ ఇంత పెద్ద ఎత్తున ఈ మార్పిడి జరగదు. పలక తుడిచి కొత్తగా రాసే ఆ సమయంలో బలపం కొరత వస్తే రాత తేడా పడవచ్చు. మిథైల్ సరఫరాకు కావలసిన బలపాలే ఫోలేట్, బీ12, కోలీన్, మిథియోనైన్ వంటి పోషకాలు.

దీనికి కళ్లకు కనిపించే నిదర్శనం అగౌటీ అనే ఒక జాతి చిట్టెలుకల్లో దొరికింది. ఒకే జన్యు నిర్మాణం ఉన్నా వీటిలో కొన్ని పసుపు రంగులో, లావుగా, మరికొన్ని గోధుమ రంగులో, మామూలు ఒంటితో ఉంటాయి. తల్లులకు గర్భధారణకు ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం, బీ12, కోలీన్, బీటైన్ కలిపిన ఆహారం ఇస్తే గోధుమ రంగు పిల్లల పాలు పెరిగిందని రాబర్ట్ వాటర్‌ల్యాండ్, రాండీ జర్టల్ 2003లో చూపారు.

మనుషుల్లో ఇటువంటి ప్రయోగం చేయలేము. ప్రకృతి చేసిన ప్రయోగాలను మాత్రం గమనించవచ్చు. పశ్చిమాఫ్రికాలోని గాంబియాలో వానకాలం పొలం పనుల కాలం, ఇంట్లో గింజలు నిండుకునే కాలం. ఎండాకాలం పంట చేతికొచ్చాక వచ్చేది. ఈ రెండు కాలాల్లో గర్భం దాల్చిన తల్లుల రక్తంలోని పోషకాలకూ, వారి పసిబిడ్డల డీఎన్ఏపై మిథైల్ గుర్తులకూ సంబంధం ఉన్నట్టు 2014లో ఒక అధ్యయనం నిరూపించింది. నెదర్లాండ్స్‌లో గర్భధారణ సమయంలో కరువు చూసిన 60 మందిని, కరువు చూడని వారి సొంత తోబుట్టువులతో 2008లో పోల్చి చూశారు. ఎదుగుదలను నియంత్రించే ఐజీఎఫ్2 జన్యువుపై మిథైల్ గుర్తులు అరవై ఏళ్ల తరువాత కూడా తక్కువగా ఉన్నాయి. గర్భం చివర్లో కరువు చూసినవారిలో ఆ తేడా కనిపించలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మిథైల్ గుర్తులో తేడా ఉండడం ఒకటి, ఆ తేడాయే రోగానికి కారణమని రుజువు చేయడం మరొకటి. ఎక్కువ అధ్యయనాలు రక్త కణాలను పరీక్షించాయి. కాలేయం, క్లోమం, మెదడుల్లో ఏమి జరిగిందో రక్తం పూర్తిగా చెప్పదు.

పరీక్షనాళిక పాఠం

తొలి అయిదు రోజులు తల్లి శరీరం వెలుపలే గడిపే పిండాలూ ఉన్నాయి. 1978 జులై 25న ఇంగ్లండ్‌లో లూయీ బ్రౌన్, అదే ఏడాది అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో దుర్గ జన్మించినప్పటి నుంచి ప్రపంచవ్యాప్తంగా 80 లక్షలకు పైగా శిశువులు ఐవీఎఫ్ పద్ధతుల్లో పుట్టారు. వారిలో అత్యధికులు ఆరోగ్యవంతులు. అయినా గాజు పాత్రలోని ద్రవం పిండానికి ఏమి నేర్పుతుందన్న ప్రశ్న శాస్త్రవేత్తలను వదలలేదు. పశువుల్లో, గొర్రెల్లో ఇలా పెంచిన పిండాలు కొన్ని అసాధారణమైన భారీకాయంతో పుట్టడం 1990ల నుంచే తెలుసు.

నెదర్లాండ్స్‌లో ఆరు కేంద్రాల్లో 836 జంటలను రెండుగా విభజించి, పిండాలను రెండు వేర్వేరు ద్రవాల్లో పెంచి చూశారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం ఒక ద్రవంలో పెరిగిన శిశువుల సగటు బరువు రెండో దానితో పోలిస్తే 158 గ్రాములు తక్కువ. తల్లులు, వైద్యులు, పద్ధతులు అన్నీ ఒకే రకం. తేడా కొద్ది రోజులు ఉన్న ద్రవంలోనే. ఐవీఎఫ్ బిడ్డల్లో రక్తపోటు కొంత ఎక్కువగా ఉందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. సంతానలేమికి మూలమైన కారణాల ప్రభావం దానిలో ఎంత అన్నది విడదీయడం కష్టం. మార్కెట్లో దొరికే ఈ ద్రవాల పూర్తి కూర్పును తయారీదారులు వెల్లడించకపోవడం మాత్రం సమర్థించదగిన పద్ధతి కాదు.

పుణె, ముంబయి, హైదరాబాద్

భారతదేశంలో ఈ శాస్త్రానికి ప్రధాన కేంద్రం పుణెలోని కేఈఎం ఆసుపత్రి. అక్కడి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, సౌతాంప్టన్‌కు చెందిన కెరొలిన్ ఫాల్ బృందంతో కలిసి 1993లో పుణె సమీపంలోని ఆరు గ్రామాల్లో తల్లుల పోషణపై అధ్యయనం ఆరంభించారు. అక్కడి శిశువు సగటు బరువు 2.7 కిలోలు, సౌతాంప్టన్ శిశువుది 3.5 కిలోలు. అయితే అన్ని భాగాలూ ఒకే నిష్పత్తిలో చిన్నవి కావు. కండ, పొట్టలోని అవయవాలు బాగా తక్కువగా ఉండగా, చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు నిలిచి ఉంది. బయటికి బక్కగా, లోపల కొవ్వుతో ఉండే శిశువు. పెద్దయ్యాక మన దేశస్థులకు తక్కువ బరువులోనే మధుమేహం రావడానికి మూలం ఇక్కడే ఉందని యాజ్ఞిక్ వాదన. ఆయనా, బ్రిటిష్ వైద్యుడు జాన్ యుడ్కిన్ కలిసి తీయించుకున్న ఛాయాచిత్రం 2004లో లాన్సెట్‌లో వచ్చింది. ఎత్తుకు తగిన బరువు సూచీ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం.

అదే గ్రామాల్లో గర్భిణుల రక్తాన్ని పరీక్షించగా మూడింట రెండు వంతుల మందిలో బీ12 తక్కువగా ఉంది. ఫోలేట్ కొరత దాదాపు లేదు. బీ12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్ల వయసులో ఇన్సులిన్ నిరోధకత అందరికంటే ఎక్కువగా కనిపించింది. పైన చెప్పిన గొర్రెల ప్రయోగం ఇక్కడ గుర్తుకు రాక మానదు. బీ12 పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలో లభిస్తుంది, మొక్కల ఆహారంలో సహజంగా ఉండదు. శాకాహారమే కాక, మాంసాహారులైనా ఏ పండక్కో తప్ప మాంసం కొనలేని పేదరికం కూడా దీని వెనుక ఉంది.

ఆకుకూరలు, పండ్లు, పాలు ఎక్కువగా తిన్న తల్లుల పిల్లలు మెరుగైన పరిమాణంతో పుట్టినట్టు పుణెలో గమనించాక, దాన్ని ముంబయి మురికివాడల్లో పరీక్షకు పెట్టారు. ‘సరస్’ పేరుతో జరిగిన ఆ ప్రయోగంలో 6,513 మంది స్త్రీలు చేరారు. గర్భధారణకు ముందు నుంచే ఒక వర్గానికి ఆకుకూరలు, పండ్లు, పాలతో చేసిన చిరుతిండి, మరొక వర్గానికి బంగాళాదుంప, ఉల్లిపాయ వంటి వాటితో చేసినది రోజూ ఇచ్చారు. మొత్తం మీద చూస్తే శిశువుల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గర్భధారణకు ముందు కనీసం మూడు నెలలు ఆ తిండి అందుకున్నవారి శిశువులు సగటున 48 గ్రాములు ఎక్కువ తూగారు. బాగా బక్కగా ఉన్న తల్లుల్లో ఆ మేలు కూడా కనిపించలేదు. గర్భకాలపు మధుమేహం మాత్రం 12.4 శాతం నుంచి 7.3 శాతానికి తగ్గింది. ఆశించినంత ఘనవిజయం కాకపోయినా, ఈ ఫలితాన్ని నిజాయితీగా చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. తరతరాల కొరతను కొన్ని నెలల చిరుతిండి పూడ్చలేదు, అయినా ముందుగా మొదలుపెట్టినవారికే ఎంతో కొంత ప్రయోజనం దక్కింది.

తెలుగు నేల మీది ఆధారం హైదరాబాద్ పరిసర గ్రామాలది. సమగ్ర శిశు అభివృద్ధి సేవలు దశలవారీగా విస్తరిస్తున్న 1987–90లో, పథకం అందిన 15 గ్రామాలనూ ఇంకా అందని 14 గ్రామాలనూ పరిశోధకులు పోల్చారు. అంగన్‌వాడీలో మొక్కజొన్న, సోయా మిశ్రమంతో చేసిన ఉప్మా గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు పెట్టేవారు. జాతీయ పోషకాహార సంస్థ భాగస్వామ్యంతో ఆ పిల్లలను 13–18 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షించి 2008లో ఫలితాలు వెల్లడించారు. పథకం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. వారిలో ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువగా, రక్తనాళాలు మరింత మృదువుగా ఉన్నాయి. ఉప్మా గర్భధారణ తరువాతే మొదలై ఆరేళ్ల వరకు అందింది కాబట్టి ఇది పిండపు తొలి రోజులకు నేరుగా రుజువు కాదు. తొలి రోజులు దాటిపోయాక కూడా చేయవలసింది, చేయగలిగింది చాలా ఉందనడానికి మాత్రం ఇది బలమైన సాక్ష్యం.

పథకాలు ఎక్కడ మొదలవుతున్నాయి

గర్భధారణకు ముందే జాగ్రత్త పడాలన్న సూత్రానికి తిరుగులేని రుజువు ఫోలిక్ ఆమ్లం. నాడీనాళిక లోపంతో ఇంతకుముందు బిడ్డను కన్న స్త్రీలు రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం ముందు నుంచే తీసుకుంటే, ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని ఏడు దేశాల్లో జరిగిన ప్రయోగం 1991లో నిర్ధారించింది. ఇటువంటి చరిత్ర లేనివారు రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. 28వ రోజు దాటాక మొదలుపెట్టిన మాత్ర తెరుచుకుని మిగిలిన నాళికను మూయలేదు.

మన పథకాలు ఈ గడియారానికి కొంత వెనుకగా నడుస్తున్నాయి. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ఉచిత పరీక్షలు అందేది నాలుగో నెల నుంచి ఉన్న గర్భిణులకు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తొలి మూడు నెలల్లో పరీక్ష చేయించుకున్న తల్లులు 70 శాతం. గతంతో పోలిస్తే ఇది మంచి ప్రగతే. అదే సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 18.7 శాతం మంది ఉండవలసిన దానికంటే బక్కగా, 24 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. వీరిలో చాలామంది గర్భంలోకి ప్రవేశించేది ఇదే స్థితిలో. రక్తహీనత ముక్త భారత్ కార్యక్రమం కింద కౌమార బాలికలకూ, గర్భం లేని వయోజన స్త్రీలకూ వారానికొక ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇవ్వాలన్న నియమం ఉంది. బడిలో చదివే బాలికలకు అది కొంత మేర అందుతుంది. బడి మానేసిన, కొత్తగా పెళ్లయిన యువతి దగ్గరే ఈ గొలుసు తెగుతోంది.

పిల్లలు కావాలనుకునే దంపతులకు వైద్యులు చెప్పే సూచనలు కొత్తవేమీ కావు. రక్తహీనత, రక్తంలో చక్కెర, థైరాయిడ్, బరువు ముందుగానే చూసుకోవడం, మధుమేహం ఉంటే దాన్ని అదుపులోకి తెచ్చుకున్నాకే గర్భానికి సిద్ధపడడం, మూర్ఛ వంటి వ్యాధులకు వాడే మందులను వైద్యుల సలహాతో సరిచూసుకోవడం, పొగాకు, మద్యం ఇద్దరూ మానడం. తొలి వారాల్లో చక్కెర మితిమీరితే పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు పెరుగుతుందన్నది స్థిరపడిన విషయం. ఏడో నెల సీమంతానికి పెట్టే పళ్లూ పిండివంటలూ పెళ్లయిన కొత్తలో ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక కట్ట ఆకుకూరగా మారితే పిండానికి ఎక్కువ లాభం.

ఈ శాస్త్రం తల్లిని దోషిగా నిలబెట్టే ఆయుధంగా మారకూడదని 2014లోనే సారా రిచర్డ్‌సన్, మరికొందరు పరిశోధకులు నేచర్ పత్రికలో హెచ్చరించారు. ఆ హెచ్చరిక మన సమాజానికి మరీ అవసరం. బిడ్డలో ఏ లోపం కనిపించినా కోడలు ఏమి తిన్నదని ఆరా తీసే ఇళ్లు తక్కువేమీ లేవు. ఆమెకు ఎంత దక్కింది, ఎవరి తరువాత తిన్నది, ఏ వయసులో పెళ్లి చేశారు అన్న ప్రశ్నలు అడిగేవారు తక్కువ. పైగా ఇక్కడ చెప్పిన ముప్పులన్నీ సమూహాల సగటులు. ఆకలి శీతకాలంలో కడుపున పడిన వారిలో చాలామంది ఏ గుండెజబ్బూ లేకుండానే వృద్ధులయ్యారు.

పుణె గ్రామాల్లో 1990లలో పుట్టిన ఆ శిశువులు పెద్దవారయ్యారు. 2012లో యాజ్ఞిక్ బృందం ‘ప్రియ’ అనే ప్రయోగంలో ఆ యువతీ యువకులనే చేర్చుకుని, పెళ్లికీ గర్భధారణకూ ముందు నుంచే కొందరికి రోజుకు 2 మైక్రోగ్రాముల బీ12, కొందరికి దానితో పాటు ఇతర సూక్ష్మ పోషకాలు, మిగిలినవారికి మందు లేని మాత్ర ఇచ్చింది. బీ12 తీసుకున్న తల్లుల పిల్లలు రెండేళ్ల వయసులో గ్రహణశక్తి, భాషా పరీక్షల్లో కొంత మెరుగ్గా ఉన్నారని 2021లో తొలి ఫలితాలు వచ్చాయి. పరీక్షించిన పిల్లల సంఖ్య వంద లోపే. వారి రక్తపోటు, చక్కెర సంగతి తెలియాలంటే వారు కూడా పెరిగి పెద్దవాలి.